కలహపేటకు అర్హత

ఆనందలంకలో ఇరుగుపొరుగు తగాదాలను ప్రభుత్వం రద్దు చేసింది. తగ్గించడం, రాజీ చేయడం లాంటివి కావు, ఏకంగా రద్దే. ఆ ఉత్తర్వును రేకు మీద పెయింటుతో రాయించి, లంకకు దాటించే పంటు ఎక్కే రేవులో నిలబెట్టారు. రేకుకి మేకులు ఎవరు కొట్టాలన్న దగ్గర ఇద్దరు కూలీలు చొక్కాలు పట్టుకున్నారు గానీ, వాళ్లు ఇవతలి గట్టువాళ్లు కాబట్టి ఉత్తర్వు వాళ్లకు వర్తించదు.

గోదావరి మధ్యలో ఉన్న ఆ లంకలో ఇదివరకు వంకాయలూ దోసకాయలూ పండేవి. ఇప్పుడు చుట్టూ గట్టు పోసి ఇళ్లు కట్టారు. లాటరీలో మాకూ ఒక ఇల్లు తగిలింది. నా పేరు త్రిమూర్తులు. బస్టాండులో మైకు దగ్గర కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో చెప్పడం నా ఉద్యోగం. పెళ్లయిన దగ్గర్నుంచీ నేనూ మా ఆవిడ సత్యవేణీ అద్దె వాటాల్లోనే బతికాం. గోడకి మేకు కొట్టొద్దనే ఇంటివాళ్లనీ, తాలింపు వేస్తే దగ్గే ఇంటివాళ్లనీ, మా ఇంటికి చుట్టాలొచ్చిన రోజే మోటారు చెడిపోయే ఇంటివాళ్లనీ చూశాం. సత్యవేణికి మేడలూ మిద్దెలూ అక్కర్లేదు. సొంత ఇల్లు, పక్కన ఒక పిట్టగోడ, గోడ అవతల కూర గిన్నె అందుకునే మనిషి ఉంటే చాలు. ఆ గిన్నె మాత్రం ఖాళీగా తిరిగి రాకూడదు. ఏమీ లేకపోతే నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసి పంపాలి. అది ఆవిడ పట్టుదల.

లాటరీలో ఇల్లు తగిలింది గానీ, అది ఏ పేటలో అన్నది మేమే ఎంచుకోవాలట. నెలాఖరులోగా ఎంచుకోకపోతే ఇల్లు వేరేవాళ్లకు పోతుంది.

పేటల సంగతి చెప్పాలంటే ముందు డైరెక్టర్ చిదానందం గారి గురించి చెప్పాలి. లంకలో ఇళ్లిచ్చే సంస్థకి ఆయనే పెద్ద. జనం ఎలా కలిసి ఉంటారో చూసి రమ్మని ఆయన్ని ఏదో విదేశీ ద్వీపానికి పంపారు. ఆయన దిగిన హోటల్లో పక్క గదివాళ్లతో ఒక్క తగాదా కూడా రాలేదు. ఆ గది ఖాళీగా ఉందని తర్వాత తెలిసింది గానీ, అప్పటికే నివేదిక అచ్చయిపోయింది.

ప్రారంభోత్సవం నాడు రేవులో షామియానా వేసి మాట్లాడారు. "సోదర సోదరీమణులారా! తగాదాకు మూలకారణము తేడా. ఒకే స్వభావము గలవారిని ఒకే పేటయందు నివసింపజేసినచో తేడా ఉండదు. తేడా లేనప్పుడు తగాదాకు ఆస్కారమే ఉండదు. ఈ సిద్ధాంతమును ప్రప్రథమముగా నా గృహమునందే అమలుపరచితిని. నాకు నిశ్శబ్దము ప్రీతి. నా శ్రీమతికి తెల్లవారగనే రేడియో కావలెను. అందుచేత ఆమెను తూర్పు కొసన గల రేడియోపేటకు కేటాయించితిని. నాటి నుండి మా ఇరువురి మధ్య ఒక్క మాట కూడా లేదు!"

జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నిజం చెప్పొద్దూ, పద్ధతి నాకు నచ్చింది. అమలాపురం వెళ్లేవాళ్లనీ కాకినాడ వెళ్లేవాళ్లనీ ఒకే బస్సులో ఎక్కిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. మనుషులకి కూడా ప్లాట్‌ఫారాలుంటే మంచిదే అనుకున్నాను. సత్యవేణి మాత్రం చప్పట్లు కొట్టలేదు. "పాపం, ఈయనకి అన్నం ఎవరు పెడుతున్నారో," అంది.

మర్నాడే సంస్థ ఆఫీసుకి వెళ్లాం. పేట నిర్ణయాధికారిణి వేదవల్లి గారు మమ్మల్ని కూర్చోబెట్టారు. ఆవిడ నవ్వకుండా మర్యాదగా మాట్లాడే మనిషి. "పేటను ఎంచుకోవడంలో మీకు సంపూర్ణ స్వేచ్ఛ ఉంది. మేం ఏది చెబితే అది ఎంచుకోవచ్చు," అన్నారు.

తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టారు. నిద్ర ఎన్నింటికి లేస్తారు? మొదటి బస్సుకి మైకులో అరవాలి కాబట్టి నేను నాలుగింటికి లేస్తాను. సత్యవేణి రాత్రి సీరియళ్లన్నీ ముగించి పడుకుంటుంది కాబట్టి బారెడు పొద్దెక్కాక లేస్తుంది. ఫ్యాను? నాకు అయిదులో ఉండాలి. ఆవిడకి రెండు దాటితే దుప్పటి కావాలి. మజ్జిగ? నాకు పల్చగా, ఆవిడకి గరిటె నిలబడేలా. చెప్పులు? నేను ఎక్కడ విప్పితే అక్కడే. ఆవిడ జతగా, గోడవైపు.

వేదవల్లి గారు మొహం చిట్లించుకుని లెక్క చూశారు. "సారుకి పడమటి గట్టున ఉషోదయపేట. మేడమ్‌కి తూర్పున నిదానపేట. అభినందనలు."

"మేం మొగుడూ పెళ్లాలమండి," అంది సత్యవేణి.

"కావచ్చు. అది వేరే శాఖ పరిధిలోని అంశం. మా నిబంధనల ప్రకారం దంపతులంటే అతి సమీపంలోని పొరుగువారు. మధ్యన కనీసం గోడ కూడా ఉండదు. తగాదాకు ఇంతకన్నా అనుకూలమైన పరిస్థితి ఏముంటుంది?"

"ఇదెక్కడి గోలండి బాబూ! సొంతింట్లో కాపరం ఉండడానికి కూడా ఇంత పరీచ్చా?"

ఆవిడ గొంతు విని వేదవల్లి గారు కాస్త మెత్తబడ్డారు. మా ఇద్దరి స్వభావమూ సరిపోయే పేట ఏదైనా కనబడితే అభ్యంతరం లేదన్నారు. బ్యాటరీ బండి ఎక్కించి పేటలన్నీ చూపించడానికి తనే బయల్దేరారు.

ముందు మొహమాటపేటకు వెళ్లాం. ఆ మాటకొస్తే మా ఇద్దరికీ మొహమాటం ఎక్కువే. చుట్టాలింట్లో రెండోసారి కూర వెయ్యనివ్వం. పేటకి సొంత రేవు ఉంది, సొంత పంటు ఉంది. జనం నీటుగా గట్టు మీద నిలబడి ఉన్నారు. "ముందు మీరెక్కండి," అంటున్నాడు ఒకాయన. "అబ్బే, తమరెక్కాకే," అంటున్నాడు ఇంకొకాయన. "పెద్దవారు, మీరుండగా నేనా?" అంటోంది వెనకావిడ. పంటు కూత వేసి ఖాళీగా వెళ్లిపోయింది. ఎవరిదో పెళ్లికని పట్టుచీర కట్టుకుని బయల్దేరిన ఒక పెద్దావిడ, కనీసం బారసాలకైనా అందుతానా అని అడుగుతోంది. ఒక్క తగాదా కూడా లేదని వేదవల్లి గారు గర్వంగా చెప్పారు.

తర్వాత అరువుపేట. పక్కింటికెళ్లి కాఫీపొడీ పంచదారా అడిగే అలవాటున్నవాళ్లనందరినీ ఒకచోట పెట్టారు. మేం వెళ్లేసరికి వీధి నిండా ఆడవాళ్లూ మగవాళ్లూ ఖాళీ గ్లాసులతో తిరుగుతున్నారు. "చారెడు పంచదార ఉంటే ఇస్తావా వదినా?" అని ఒకావిడ అడిగితే, "నేనూ దానికే మీ ఇంటికొస్తన్నానమ్మా," అంది రెండో ఆవిడ. ఇద్దరూ నిట్టూర్చి కలిసి మూడో ఇంటికి బయల్దేరారు. ఆ ఇంటావిడ గ్లాసు పట్టుకుని అప్పుడే బయటికొస్తోంది.

పప్పుపేటలో సత్యవేణి కాసేపు ఆశపడింది. ఇద్దరం పప్పు ప్రియులమే. పైగా అక్కడ గోడల మీదుగా గిన్నెలు జోరుగా తిరుగుతున్నాయి. కానీ ఒక గోడ దగ్గర గంగాభవాని అనే ఇల్లాలు దిగులుగా కూర్చుని ఉంది. "ఏం చెప్పమంటారండి? టమాటా పప్పు పంపితే టమాటా పప్పొస్తంది. తోటకూర పప్పు పంపితే అదే వస్తంది. నేను పంపిందే తిరిగొచ్చిందో, ఆళ్లదే వచ్చిందో తెలీక మా ఇంట్లో అందరం ముద్ద నోట్లో పెట్టుకుని ఆలోచిత్తన్నాం," అంది.

ఇంత చేసినా అక్కడ గొడవలు ఆగలేదు. పప్పులో వెల్లుల్లి దంచి వెయ్యాలా, రేకలుగా వెయ్యాలా అన్న దగ్గర రెండు వీధులు మాటలు మానేశాయి. సంస్థ వెంటనే సమావేశమై, సిద్ధాంతం సరైనదేననీ, పోలిక చాలలేదనీ తేల్చింది. పప్పుపేటను దంపుడు పప్పుపేట, రేకల పప్పుపేటలుగా చీల్చింది. తర్వాత వాటిని కూడా చీల్చింది. ప్రతి పేటకీ స్వాగత ద్వారం, ద్వారం మీద డైరెక్టర్ గారి బొమ్మ, ఒక అధ్యక్షుడు. మేం చూసేటప్పటికి కొన్ని పేటల్లో ఒక్కొక్క ఇల్లే మిగిలింది. ద్వారం ఇంటికన్నా ఎత్తుగా ఉంది. ఒంటరిగా ఉండే ఒక పెద్దమనిషి మామూలు రోజుల్లో తెల్లారగట్ల లేచి, ఆదివారం మాత్రం ఆలస్యంగా లేస్తాడట. ఆయనకి రెండు పేటల్లో రెండు ఇళ్లిచ్చారు. శనివారం సాయంత్రం పరుపు నెత్తిన పెట్టుకుని ఆ ఇంట్లోంచి ఈ ఇంట్లోకి మారతాడు.

"తనతో తనకి మనస్పర్థలు రాకుండా ముందుజాగ్రత్త," అన్నారు వేదవల్లి గారు.

ఊళ్లో బస్సులన్నిటికీ ప్లాట్‌ఫారం చెప్పే మనిషిని, నాకే ఏ దారీ తోచలేదు. ఎటు చూసినా సత్యవేణి ఒక గట్టున, నేను ఒక గట్టున. బండిలో ఆవిడ వెనక్కి పోతున్న పిట్టగోడలనే చూస్తోంది.

అప్పుడు రెల్లు పొదల అవతల నుంచి పెద్ద గోల వినబడింది. గిన్నెల చప్పుడు, పిల్లల ఏడుపు, ఎవరో ఎవరినో "నీ మొహం" అనడం. వేదవల్లి గారు బండి వెనక్కి తిప్పమన్నారు. "అటు వద్దండి. అది కలహపేట. ఏ తరగతిలోనూ ఇమడనివాళ్లనీ, తగాదాలు మానలేమని ఒప్పుకున్నవాళ్లనీ అక్కడ ఉంచాం. మా నివేదికల్లో దాన్ని చూపించం."

సత్యవేణి అప్పటికే బండి దిగేసింది.

నేను పరుగున వెళ్లేసరికి అక్కడ మాణిక్యాంబ అనే ఆవిడ పిట్టగోడ మీద మోచెయ్యి ఆనించి పక్కింటావిడతో వాదిస్తోంది. చింతచిగురు రొయ్యల కూరలో ఉల్లిపాయ వెయ్యొచ్చా లేదా అన్నది విషయం. సత్యవేణి ముక్కూ మొహం తెలియని ఆ ఇద్దరి మధ్యకీ వెళ్లి నిలబడింది. "ఉల్లిపాయేస్తే తియ్యగా అయిపోద్దండి. చింతచిగురు పులుపు చచ్చిపోద్ది," అంది. "నువ్వెవరమ్మా మా వంట చెప్పడానికి?" అంది మాణిక్యాంబ. "రొయ్యలు తిన్నదాన్ని!" అంది మా ఆవిడ. ముగ్గురూ గొంతులు పెంచారు. ఆ ఇళ్లలో మొగుళ్లూ పెళ్లాలూ, అత్తలూ కోడళ్లూ ఒకే కప్పు కింద ఉన్నారు. ఒక అరుగు మీద ఒకాయన గుర్రుపెట్టి నిద్రపోతుంటే, పక్క గదిలో ఆయన కొడుకు డప్పు నేర్చుకుంటున్నాడు. కాసేపటికి సత్యవేణి తిరిగొచ్చింది. చేతిలో గిన్నె ఉంది. గిన్నెలో చింతచిగురు రొయ్యల కూర ఉంది.

"ఉల్లిపాయేసిందండి, మొండి మనిషి," అంది. అద్దె వాటాల్లో ఎన్నడూ చూడని వెలుగు ఆవిడ మొహంలో చూశాను. "ఏవండీ, మనకి ఈ పేటే కావాలి."

వేదవల్లి గారు నిట్టూర్చారు. కలహపేట ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వరట. అర్హత కావాలట. నిపుణుల సంఘం ఎదుట దంపతులు తగాదా పడి చూపించాలట. ఈ మధ్య ఆ పేటకి గిరాకీ పెరిగి, తగాదా రానివాళ్లు కూడా దొంగతనంగా చేరిపోతున్నారట.

నాకు ప్రాణం లేచొచ్చింది. తగాదా మాకు కొత్తా? తడి తువ్వాలు మంచం మీద వేశానని మొదలుపెట్టి మా మేనత్త దాకా వెళ్లిపోగలదు సత్యవేణి. నేనూ తక్కువ తినలేదు. మైకు గొంతు నాది. మా గోల భరించలేక ఇల్లు ఖాళీ చేయమన్న ఇంటివాళ్లున్నారు. కావాలంటే వాళ్లనే సాక్ష్యం తెస్తానన్నాను.

అనుకున్న రోజు సంఘం ముందు నిలబడ్డాం. మధ్యలో చిదానందం గారు, అటూ ఇటూ ఇద్దరు సభ్యులు. సంఘంలో అభిప్రాయభేదాలు రాకుండా ముగ్గురినీ ఒకే స్వభావం చూసి ఏరారు. ముగ్గురికీ నిశ్శబ్దం ఇష్టం. ముగ్గురి ముందూ రాగిజావ గ్లాసులు. ముగ్గురివీ ఒకే రకం కళ్లద్దాలు. పక్కన చిన్న బల్ల దగ్గర వేదవల్లి గారు జరిగేదంతా రాసుకోవడానికి కూర్చున్నారు.

"విషయము: తెల్లవారుజామున నిద్రాభంగము," అన్నారు చిదానందం గారు. "తగాదా ప్రారంభించవచ్చును." గంట కొట్టారు.

నేను గొంతు సవరించుకున్నాను. సత్యవేణి కొంగు సవరించుకుంది. ముందు ఆవిడ అనాలి, తర్వాత నేను. రోజూ అంతే. కానీ ఆవిడ ముగ్గురు పెద్దమనుషుల్నీ చూసి బిక్కచచ్చిపోయింది.

"నిద్రాభంగం అంటే... ఏం లేదండి. ఆయన లేచేటప్పుడు లైటు కూడా వేసుకోరండి. నేను లేస్తానని చీకట్లోనే తడుముకుంటారు. రోజూ ఆ మంచంకోడుకి కాలు కొట్టుకుంటారండి. కొట్టుకుని కూడా అరవరు."

నేను గట్టిగా ఏదో అనాలి. "ఆ మంచంకోడు..." అన్నాను. "ఆ మంచంకోడుకి ఆవిడ పాతచీర చుట్టిందండి. నాకు దెబ్బ తగలకుండా. నాకు తెలీదనుకుంటోంది."

"మీకు తెలుసా?" అంది సత్యవేణి.

"తెలుసు. నువ్వు పడుకునే ముందు నాకు పెరుగన్నం కలిపి మూత పెట్టడం కూడా తెలుసు. మజ్జిగ పల్చగా తీసి పక్కన పెట్టడమూ తెలుసు."

"తగాదా, తగాదా," అని చిదానందం గారు గుర్తు చేశారు.

మేం ప్రయత్నించాం. ఆవిడ "తడి తువ్వాలు" అంది గానీ, ఆ మాట అంటూనే కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను "మీ తమ్ముడు" అన్నాను గానీ, ఆ కుర్రాడి మీద చెప్పడానికి ఆ క్షణాన ఒక్క చెడ్డ మాట గుర్తు రాలేదు. గంట కొట్టేశారు.

చిదానందం గారి మొహం పాలిపోయింది. "మీ సామరస్యము తీవ్ర ఆందోళన కలిగించుచున్నది. ఒకరు నాలుగింటికి లేచి, ఒకరు పొద్దెక్కిన పిదప లేచి, ఇరువురి నడుమ ఇంత సఖ్యతయా? ఇది బయటికి పొక్కినచో సిద్ధాంతము గతి ఏమి? వీరిని తక్షణమే వేరుచేయవలెను. ఒకరు తూర్పుకు, ఒకరు పడమరకు."

మొదటి బస్సు పంపేసి ఇంటికొచ్చేసరికి తలుపు తీసే మనిషి లేని ఇల్లు కళ్ల ముందు కనబడింది. సొంత ఇల్లే, కానీ ఎందుకది? సత్యవేణి నా చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

చిదానందం గారు ఉత్తర్వు మీద సంతకం పెట్టడానికి పెన్ను కోసం చెయ్యి చాచారు. బల్ల మీద గ్రీన్ ఇంకు పెన్ను ఒక్కటే ఉంది. ముగ్గురికీ గ్రీన్ ఇంకే ఇష్టం, ముందు సంతకం పెట్టడమే ఇష్టం. మూడు చేతులూ ఒక్కసారే పెన్ను మీద పడ్డాయి.

"తమరు వదలండి," అన్నారు చిదానందం గారు.

"ఎందుకు వదలాలి? పోయిన ఉత్తర్వుకీ తమరే ముందు పెట్టారు," అన్నాడు కుడివైపు సభ్యుడు.

"విదేశానికీ తమరే వెళ్లారు," అన్నాడు ఎడమవైపు సభ్యుడు. "మేం రేవు దాకా వచ్చి దండ వేసి వెనక్కి పోయాం!"

"పక్క గది ఖాళీ అని హోటల్ బిల్లులోనే ఉంది. బయటపెట్టమంటారా?" అన్నాడు కుడివైపు సభ్యుడు.

గ్రాంథికం ఎగిరిపోయింది. "ఏంట్రా పెట్టేది?" అని లేచారు చిదానందం గారు. రాగిజావ ఒలికిపోయింది. ఒకే రకం కళ్లద్దాలు మూడూ కింద పడి, ఎవరివి ఎవరివో తెలియక మళ్లీ అదొక గొడవ. ఒకరి కండువా ఇంకొకరి చేతిలో ఉంది. నేను చూస్తూ ఊరుకోలేక, బస్టాండు గొంతు తీశాను. "ప్రయాణికులకు విజ్ఞప్తి! దయచేసి తోసుకోవద్దు! ఎవరి స్థానాల్లో వారు కూర్చోవలసిందిగా కోరుచున్నాం!" ముగ్గురూ అలవాటు కొద్దీ కూర్చున్నారు. సత్యవేణి వెళ్లి కళ్లద్దాలు ఏరి ఇచ్చింది.

అప్పుడు వేదవల్లి గారు లేచి నిలబడ్డారు. "తగాదా నమోదైంది సార్. నిబంధన ప్రకారం పరీక్షకు గంట కొట్టేశాక సంఘం గదిలో తగాదా జరిగినప్పుడు అందులో పాల్గొన్నవారిని, విడదీసినవారిని, హాజరైనవారిని, యావన్మందినీ అదే రోజు కలహపేటకు తరలించాలి. వారి అర్హతను వేరుగా పరీక్షించనక్కర్లేదు."

"ఏ దరిద్రుడు రాశాడు ఆ నిబంధన?" అన్నారు చిదానందం గారు.

"తమరే సార్. గ్రీన్ ఇంకుతో."

ఆవిడ పేర్లన్నీ వరసగా రాసి, చివర తన పేరు కూడా రాసుకున్నారు.

అలా మేం కలహపేటకు వచ్చాం. ఇంటికి పిట్టగోడ ఉంది. ఒక పక్క వేదవల్లి గారు, ఇంకో పక్క చిదానందం గారు. ఆయన ఉద్యోగానికేమీ ఇబ్బంది రాలేదు. పొద్దున్నే ఆఫీసుకి వెళ్లి పేటలు చీల్చి, సాయంత్రం కలహపేటకి వచ్చి ఒక్కరే కూర్చుంటారు.

సత్యవేణి మొదటి గిన్నె ఆయనకే పంపింది. గుత్తి వంకాయ కూర. మర్నాడు గిన్నె శుభ్రంగా తోమి, ఖాళీగా వచ్చింది. అడుగున చిన్న కాగితం. "ముట్టినది" అని రాసి గ్రీన్ ఇంకుతో సంతకం. మా ఆవిడ గోడ దగ్గరికెళ్లి, డైరెక్టరని కూడా చూడకుండా దులిపేసింది. "కాయితం నంజుకుంటామేంటండి? గిన్నె ఖాళీగా పంపుతారా ఎవరైనా?"

మరుసటి గిన్నె తిరిగొచ్చినప్పుడు అందులో ఉప్మా ఉంది. ఆయన స్వయంగా చేశారట. అంతా ఉండలు. ఉప్పు లేదు. సత్యవేణి ఆ మాట గోడ మీదుగా గట్టిగా చెప్పింది. "మీ వంకాయలో మాత్రం కారం తక్కువా?" అని ఆయనా గట్టిగా అన్నారు. చాలాసేపు వాదించుకున్నారు. వేదవల్లి గారు కూడా అటు గోడ మీంచి కలగజేసుకుని, ఉప్మా రవ్వ ముందు వేయించుకోవాలన్నారు. గొంతు పోయాక చిదానందం గారు నవ్వారు. ఆయన నవ్వడం ఆ రోజే చూశాను.

ఆ సాయంత్రం నేను గోడ దగ్గర మొక్కలకి నీళ్లు పోస్తుంటే, ఆయన మా గిన్నె పట్టుకుని నిలబడ్డారు. అందులో నాలుగు పచ్చిమిరపకాయలున్నాయి. తూర్పు గాలికి ఎక్కడి నుంచో సన్నగా రేడియో వినబడుతోంది. ఆయన అటే చెవి పెట్టి విన్నారు. పాట అయిపోయేదాకా గిన్నె ఇవ్వలేదు.

"త్రిమూర్తులు గారూ," అన్నారు చివరికి, గ్రాంథికం లేకుండా. "మా ఆవిణ్ణి ఈ పేటకి తెచ్చుకోవాలంటే అర్జీ ఎవరికి పెట్టుకోవాలండీ?"

"తమరికేనండి," అన్నాను.

ఆయన గిన్నె అంచు కండువాతో తుడిచారు.

"ఆయన ఒప్పుకోరండి," అన్నారు.